మూత లోపల ఇరవై అయిదు

"గుర్తు నేదు మావా" అన్నాను ఆ రోజు. నిజానికి గుర్తుంది. పన్నెండేళ్లు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మావ అంటే మా అమ్మ తమ్ముడు. కోటబొమ్మాళి చుట్టుపక్కల రైసు మిల్లుల కరెంటు పని ఆయనే చూసేవాడు. నాకు టెస్టరు పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. కొత్త మోటారు అరగంట నడిచాక, పసిపిల్ల నుదురు చూసినట్టు కేబుల్ తొడుగు మీద అరచెయ్యి వేసేవాడు. చెయ్యి నిలిస్తే సైజు సరిపోయినట్టు, నిలవకపోతే కేబుల్ సన్నమైనట్టు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. త్రీఫేజ్ కరెంటు మొత్తాన్ని ఒక్క పిడితో ఆపే ఇనప పెట్టె, ఐసొలేటర్, దాని మూత లోపలి వైపు కేబుల్ సైజు పెన్సిల్‌తో రాసిపెట్టేవాడు. "రేపు నాను నేకపోయినా పెట్టె సెప్తాది" అనేవాడు.

ఓ మిల్లుకి ముప్పై హార్స్‌పవర్ మోటారు వచ్చింది. మీటరు గది నుంచి మోటారు షెడ్డు దాకా, ధాన్యం ఆరబోసే కళ్లం చుట్టూ తిరిగి, మావ అంగలేసి కొలిచాడు. డెబ్బై అంగలు. మోటారు లాగే కరెంటూ, ఆ దూరమూ రెండూ లెక్కేసుకుని, "అల్యూమినియం, ఇరవై అయిదు స్క్వేరు తే" అన్నాడు. స్క్వేరు అంటే తీగ మందం లెక్క. మూత లోపల రాసేసి, మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారని కూతురింటికి వెళ్లాడు.

నా దగ్గర కొత్తగా కొన్న కేబుల్ సైజుల పట్టిక ఉంది. అందులో చూస్తే పది స్క్వేరు చాలని తేలింది. ఈయనకి అన్నీ లావుగానే కావాలి అనుకుని, పదే తెచ్చి వేశాను. నేను చూసింది రాగి వరస. తెచ్చింది అల్యూమినియం కేబుల్, అదే కరెంటుకి అది రాగి కన్నా లావుగా ఉండాలి.

మావ ఫోన్‌లో అడిగాడు. "సెయ్యెట్టి సూసేవా?"

"సూసేను మావా, సల్లగా ఉన్నాది."

చూసిన మాట నిజమే. మిల్లులో గింజ పొయ్యకుండా, మోటారు ఉత్తినే తిరుగుతున్నప్పుడు చూశాను.

కోతల తర్వాత ధాన్యం ముమ్మరంగా వచ్చిన మూడో రోజు పెట్టెలోంచి పొగ వచ్చింది. కేబుల్ కరిగింది, మోటారు కాలింది. ధాన్యం ట్రాక్టర్లు వెనక్కి తిరిగి వేరే మిల్లుకి పోయాయి. మిల్లు యజమాని, కబురు విని వచ్చిన మావ మీద అందరి ముందూ విరుచుకుపడ్డాడు. "వయసైపోతే ఇంటికాడ కూకోవాల. మా పీకల మీదకేటి తెస్తావు?"

మావ కరిగిన కేబుల్ మందం వేళ్లతో పట్టి చూసుకున్నాడు. తిరిగి వస్తుంటే దారిలో బండి ఆపమన్నాడు.

"ఒరే అల్లుడా, నాను ఇరవై అయిదు సెప్పేనా, పది సెప్పేనా?"

"గుర్తు నేదు మావా."

"మూత ఏదిరా? రాసుంటాను కదా."

"పాత ఇనుములోకి పోనాది."

మూత నా సంచిలోనే ఉంది. మసి పట్టినా అంకెలు కనిపిస్తున్నాయి. ఇంటికి తెచ్చి అటక మీద దాచాను.

ఆ తర్వాత మావ తన లెక్కని తానే నమ్మడం మానేశాడు. ఒకే కొలత రెండు మూడుసార్లు నన్ను అడిగేవాడు. ఏడాది తిరక్కుండా పని వదిలేశాడు. ఆయన పనిచేసే మిల్లులన్నీ నాకొచ్చాయి.

పోయిన నెల వాళ్లింటికి వెళ్తే, అత్త మిక్సీ ప్లగ్గు నా చేతికిచ్చింది. "నువ్వు బిగించీ బాబూ. మీ మావ ముట్టుకోడు."

"ఏ తీగ ఎక్కడెట్టాలో తప్పిపోతాదిరా నాకు. మిల్లుకాడ సూసేవు కదా" అని మావ నవ్వాడు.

ఆ నవ్వు నేను చూడలేకపోయాను. మర్నాడు ముందు ఆ మిల్లుకి వెళ్లి యజమానికి జరిగింది చెప్పాను. ఆయన "ఈ మాట నాకు కాదు, ఆయనకి సెప్పు" అన్నాడు. అటక మీది మూత తీసుకెళ్లి మావ ఒళ్లో పెట్టాను. ఆయన బొటనవేలితో మసి తుడిచాడు.

"ఇరవై అయిదు! నా రాతేరా ఇది." మళ్లీ తుడిచాడు. "నా బుర్రే పాడైందనుకున్నాన్రా ఇన్నేళ్లూ."

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"నీ బుర్రకేటీ అవనేదు మావా. పది ఏసింది నాను. మూత దాసింది నాను. ఆ రోజు దార్లో అడిగినప్పుడు నాకు గుర్తున్నాది. తప్పైపోనాది మావా, నన్ను క్షమించు."