నా కాలికి వచ్చిన గిరాకీ

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీద ఉండేదంటే తక్కువ చెప్పినట్టు, ముఖమంతా ఉండేది. ఫిజియోథెరపీ చదువు పూర్తి చేసి కోరుట్లలో ఓ చిన్న క్లినిక్‌లో అప్పుడే చేరాను. మెడనొప్పులన్నీ ఒకటి కావని, ఏ నొప్పి ఎందుకొచ్చిందో తేల్చాకే చెయ్యి వెయ్యాలని నేర్చుకుని వచ్చినదాన్ని. మా వైపు జనానికి మాత్రం మెడ నొస్తే దాని పేరు ఒకటే, 'మెడ పట్టుడు'. దానికి మందూ ఒకటే, ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి కాలు. తల కాకుండా కాళ్లు ముందు వచ్చి పుట్టినవాళ్లు తంతే ఏ పట్టయినా వదులుతుందని గట్టి నమ్మకం. నా ఖర్మ కొద్దీ నేను అలాగే పుట్టాను. (ఆ సంగతి క్లినిక్‌లో ఎవరికీ తెలియకుండా దాచుకుని తిరుగుతున్నాను.)

కథలాపూర్ నుంచి మా మేనత్త మెడ చూపించుకోవడానికి వచ్చింది. ఒళ్లో చాట పెట్టుకుని, తల వంచి బీడీలు చేసే మెడ అది. నేను లోపల ఉండగా ఆవిడ బయట బల్ల మీద కూర్చుని, "గీ డాక్టరమ్మ మా అన్న బిడ్డనే. ఎదురుకాళ్లతోని పుట్టింది" అని అందరికీ చాటింది. అంతే, మర్నాటి నుంచి నా చేతులకు విలువ పోయింది. కాపడమో, నొప్పి తగ్గించే కరెంటో పెడుతుంటే నా పాదాల వంక చూసేవాళ్లు. "కరెంటు తర్వాత పెడుదువు గని, జెర ఒక్క తన్ను తన్నరాదమ్మా" అని వీపు తిప్పి కూర్చునేవాళ్లు. ఒళ్లు మండిపోయేది. క్లినిక్ నడిపే సార్ కూడా నవ్వుతూ, "జెర తాకియ్యరాదమ్మా, పోయేదేమున్నది?" అన్నాడు. ఏళ్ల తరబడి చదివింది కాళ్లెత్తడానికా అని అరిచాను. గోడ అవతల టైలరు మిషన్ ఆపి విన్నాడట.

ఆ మంటలో ఉండగానే వచ్చాడు దుబాయి అన్న. (ఈనాటికీ నాకు ఆయన పేరు అదే.) సెలవు మీద వచ్చి, తల్లితో కారులో వేములవాడ పోతుంటే ముందున్న బస్సు ఆగింది. వీళ్లూ ఆగారు. వెనక బండి ఆగలేదు. ఆ గుద్దుకు తల వెనక్కీ ముందుకీ విసిరినట్టు ఊగింది. జగిత్యాలలో తీయించిన ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది గానీ మెడ తిరగదు, తలనొప్పి, కళ్లు తిరగడం. దుబాయిలో ఆయన పని క్రేన్ నడపడం. మెడ తిరగకపోతే ఆ ఉద్యోగం లేదు, తిరుగు ప్రయాణం చూస్తే దగ్గరపడింది. తల్లికి అదే దిగులు. మెడ నొప్పులతో వచ్చి బల్ల మీద కూర్చున్న బీడీలు చేసే ఆడవాళ్లు "మాది గూడ గదే నొప్పి" అని ధైర్యం చెప్పారు. ఆ తల్లి తిన్నగా నా ముందుకొచ్చి, "తన్ను బిడ్డా, నీ కాళ్లు మొక్కుత. నువ్వు తన్నకుంటే సిరిసిల్లల ఒగాయన ఉన్నడట, ఆడికి తోల్కపోత" అంది.

"వీళ్లది వంగి వంగి అలిసిపోయిన మెడ. నీ కొడుకుది ఒక్కసారే గుంజుకపోయిన మెడ, లోపల కండలు సాగి ఉన్నయి. గిప్పుడు తంతే ఏం గావాలె?" అన్నాను.

ఆవిడ చెవిన పెట్టలేదు. కొడుకు రెక్క పట్టి లేపింది. సిరిసిల్లలో ఆ మహానుభావుడు ఈ మెడ మీద కాలు వేయడం నా కళ్ల ముందు కనిపించింది. తలుపుకు అడ్డం నిలబడి గొంతు చించుకున్నాను. "ఎదురుకాళ్లదాన్ని నేనే చెప్తున్న! గీ మెడకు ఎవ్వరి కాలూ తాకొద్దు. తాకితే ఉన్న మెడ గూడ పోతది!"

తల్లి చటుక్కున చేతులు జోడించి, "గా ముచ్చట ముందుగాలనే జెప్పరాదు బిడ్డా" అంటూ కొడుకును తెచ్చి కూర్చోబెట్టింది. డిగ్రీ చెప్తే వినని మనిషి కాళ్లు చెప్తే విన్నది! ఆ అవమానానికి పళ్లు నూరుకుంటూనే వైద్యం చేశాను. ఎక్కడా కుదుపు లేకుండా, రోజూ నొప్పి ఓర్చుకోగలిగినంత మేర తిప్పించాను. ప్రయాణానికి ముందు చెప్పిపోదామని వచ్చినప్పుడు ఆయనే మెడ తిప్పి వెనక్కి చూసుకుంటూ కారు వెనక్కి తీశాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే తల్లి బల్ల మీద వాళ్లతో అంటోంది, "గామె కాలు గెంత బలమైందో, ఎత్తకుంటనే నయమైంది!"

ఆ కోపానికి ఆ రోజు అన్నం తినలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మండిపడే పిల్ల మీద జాలీ, ముద్దూ కలిసి వస్తాయి. మెడ తిరిగింది కదా తల్లీ, పేరు చేతికొస్తేనేం, కాలికొస్తేనేం అని బుజ్జగించి, ఆ పూటకు దానికి ఇంత అన్నం కలిపి పెట్టాలనిపిస్తుంది.