ఎవరూ రుచి చూడని సాస్

ఎనిమిదేళ్ల క్రితం, ఇక్కడ ఎండలు కాసే ఫిబ్రవరిలో, టౌరంగాలోని ఒక ఫ్రెంచ్ రెస్టారెంటులో సాసియేగా చేరాను. సాసియే అంటే సాస్‌లు కాచే వంటవాడు. వంటగదిలో షెఫ్ తర్వాత అంతటివాడు అతనేనని ఇప్పుడు నేనుండే ఆక్లండ్ శివారు టకానినిలో మా వీధి వాళ్లందరికీ చెప్పుకున్నాను. మధ్యలో సూ షెఫ్ అనే ఉపాధికారి ఉంటాడనీ, నేను చేరింది కూరగాయల బల్ల దగ్గరనీ, సాస్‌ల దాకా రావడానికి రెండేళ్లు పట్టిందనీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

షెఫ్ పేరు ఆర్మాన్. లియాన్ దగ్గర చిన్న ఊళ్లో, రొట్టెల బట్టీ నడిపే ఇంట్లో పుట్టాడు. పద్నాలుగో ఏట ఒక హోటల్ వంటింట్లో ఉల్లిపాయలు ఒలవడంతో మొదలుపెట్టి, నలభై నిండకముందే పారిస్‌లో సొంత రెస్టారెంటుతో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆయన భార్యది టౌరంగా. పుట్టింటి కివీ పండ్ల తోట చూసుకోవడానికి ఆమె తిరిగొస్తే, వెంట ఈయనా వచ్చి, రేవుకు ఎదురుగా నలభై కుర్చీల రెస్టారెంటు తెరిచాడు. ఆక్లండ్ నుంచి రెండున్నర గంటలు డ్రైవ్ చేసుకొచ్చి మరీ తినేవాళ్లు.

ఆయన దగ్గర నియమం ఒక్కటే. ప్రతి వంటవాడి పక్కన నీళ్ల డబ్బాలో చెంచాలుంటాయి. రుచి చూడకుండా ఏ గిన్నే పొయ్యి దిగకూడదు. చివరికి పాస్ దగ్గర, అంటే పళ్లేలు హాల్లోకి వెళ్లేముందు ఆగే బల్ల దగ్గర, షెఫ్ మరోసారి చూస్తాడు.

నేను రుచి చూసేవాణ్ణి కాదు. సాస్‌లలో పోసే వైన్ వల్ల అనుకునేరు, దాని మీద నాకెన్నడూ అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఏం వండినా ముందు దేవుడికి పెట్టాలి; ఆలోపు నోట పెడితే ఎంగిలి. తెనాలిలో అమ్మ దగ్గర పడిన ఆ అలవాటు, హైదరాబాద్ హోటళ్లలో చేసిన ఇరవై ఏళ్లలోనూ పోలేదు. చెంచా పెదవుల దాకా తెచ్చి, తల ఊపి, డబ్బాలో వేసేవాణ్ణి. ఉప్పు వాసనతోనే చెప్పేస్తానని అందరినీ నమ్మించాను. ఉప్పుకు వాసనేమిటి? అసలు సంగతి పక్క పొయ్యి మీద చేపలు చేసే షబానా. మెహదీపట్నం అమ్మాయి. నేను చెంచా చాపితే రుచి చూసి, “అంకుల్, ఉప్పు జర తక్కువైంది” అనేది. నా ముక్కుకు వచ్చిన పేరంతా ఆ అమ్మాయి నాలుకది.

మూడేళ్ల క్రితం మార్చిలో, షెఫ్ వంటింట్లో అడుగుపెట్టి యాభై ఏళ్లయిన సందర్భంగా, రాత్రిళ్లు మాత్రమే తెరిచే మా రెస్టారెంటులో మధ్యాహ్న భోజనానికి నలభై మందిని పిలిచాడు. పారిస్‌లో ఆయన దగ్గర నేర్చుకుని పెద్దవాళ్లయిన షెఫ్‌లు ఆరుగురు విమానమెక్కి వచ్చారు. ప్రధాన వంటకం గొర్రె మాంసం. దాని మీది సాస్ నాది. వేయించిన ఎముకలను గంటల తరబడి కాచి, వడగట్టి, ఆ రసాన్ని పదో వంతుకు ఇంకిస్తాం. ఉప్పు ఆఖరున వెయ్యాలి. అతిథులు పన్నెండున్నరకు వస్తారని నేను పన్నెండుకే కొలిచి వేసేశాను. వాళ్లు గంట ఆలస్యం చేశారు. సన్నసెగ మీద సాస్ ఇంకుతూనే ఉంది.

వడ్డించేముందు, ఎప్పటిలాగే షబానా వైపు చెంచా చాపాను.

“రంజాన్ రోజా ఉన్న అంకుల్. నాలుక మీద పెట్టి ఉమ్మెయ్యొచ్చంటరు గానీ నేను పెట్ట. మీకేంది, అంత గొప్ప ముక్కుంది కదా.”

షెఫ్ చూస్తాడులే అన్నాను. ఆయన చూడకుండ వదుల్తడా అని తనూ అంది.

షెఫ్ పాస్ దగ్గర సాస్‌లో చెంచా ముంచి నోట్లో పెట్టుకున్నాడు. షబానా వైపు చూశాడు, నా మొహం చూశాడు, నన్ను పక్కనున్న కోల్డ్ రూమ్‌లోకి పిలిచాడు. బయట మొదటి వంటకం పళ్లేలు అప్పటికే ఖాళీ అయి వెనక్కి వస్తున్నాయి. రుచి చూశావా అని అడిగాడు. అలవాటు కొద్దీ “ఉయ్, షెఫ్” అన్నాను. అంటే అవును, చిత్తం అని.

ఆయన మెల్లగా ఇంగ్లిష్‌లో చెప్పింది ఇది. “జూలై చలికాలంలో జ్వరం వచ్చినప్పటి నుంచి నాకు వాసనా లేదు, రుచీ లేదు. ఎనిమిది నెలలుగా నేను చూస్తున్నది సాస్ కాదు, మీ మొహాలు. ఉప్పు తేడా వస్తే షబానా కనుబొమ్మ లేస్తుంది. ఇవాళ ఆమె ఉపవాసం. నీ మొహం ఇన్ని నెలల్లో ఒక్కసారీ మారలేదు, మూర్తీ. ఆ సాస్ ఎవరు రుచి చూశారు?”

ఎవరూ చూడలేదన్నాను. నా భయం ఉద్యోగం గురించి. ఆయనది యాభై ఏళ్ల పేరు గురించి. హాల్లో ఉన్న ఆ ఆరుగురు మొదటి ముద్దకే పట్టేస్తారు. షెఫ్ బయటికొచ్చి తన చెంచా నా చేతికిచ్చాడు. సాస్ నోట్లో పెట్టుకున్నాను. నాలుక చుర్రుమంది.

“ఎక్కువైంది షెఫ్. చాలా ఎక్కువైంది.”

ఏం చేద్దామన్నాడు. సగం తీసేసి, ఉప్పు వెయ్యని రసం కలిపి మళ్లీ కాయాలన్నాను. అలాంటి రసం కోల్డ్ రూమ్‌లో ఎప్పుడూ ఉంటుంది. ఆయనే మోసుకొచ్చి నా పొయ్యి పక్కన పెట్టి, హాల్లోకి వెళ్లి, ఆలస్యం తనదేనని చెప్పాడు. ఇరవై నిమిషాలు పట్టింది. నాలుగుసార్లు రుచి చూశాను, నిజంగానే.

పళ్లేలు తుడిచినట్టు తిరిగొచ్చాయి. పారిస్ షెఫ్ ఒకాయన వంటగదిలోకొచ్చి నా చెయ్యి పట్టుకుని అభినందించాడని ఏడాది పాటు చెప్పుకున్నాను. వచ్చిన మాట నిజమే. టాయిలెట్ ఎటని అడిగాడు.

మరుసటి వారం షెఫ్ తన సంగతి వంటగదిలో అందరికీ చెప్పి, పాస్ సూ షెఫ్‌కు అప్పగించాడు. రంజాన్ అయ్యాక ఆ చోట షబానాను నిలబెట్టాడు. నాకొస్తుందనుకున్నాను, రాలేదు. ఉద్యోగమైతే పోలేదు. నిరుడు రిటైరయ్యేదాకా ఆ పొయ్యి దగ్గరే ఉన్నాను.

ఆ రోజు తెలిసింది ఇది. ఒకరి తర్వాత ఒకరు రుచి చూసే ఏర్పాటున్న చోట, ప్రతివాడూ తర్వాతివాడు చూస్తాడని వదిలేస్తాడు. అందుకే గిన్నె దింపేముందు రుచి చూసి, ఏం తెలిసిందో పైకి చెప్పాలని మా వంటగదిలో కొత్త నియమం వచ్చింది. అది మంచి నియమం. ఇంట్లో దేవుడికి పెట్టే పులిహోరకు మాత్రం దాన్ని పాటించను. మొన్నొకసారి ఉప్పు రెండుసార్లు పడింది. దేవుడు ఏమీ అనలేదు. మా ఆవిడ అంది.