శిరోమణి మాట
నర్సు శిరోమణి మాట చోటును బట్టి మారేది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ ఆసుపత్రిలో అక్కడి కివీల ఇంగ్లీషు, చర్చిలో గుంటూరు అత్తవారి తెలుగు. పెళ్లయిన కొత్తలో ఆడపడుచులు పకపకా నవ్విన నాటి నుంచీ ఆమె పుట్టిన పలాస యాస మాత్రం పెదవి దాటలేదు. ఓ శనివారం బోటనీ డౌన్స్ మాల్‌లో షాపింగ్ ముగించుకుని పార్కింగ్‌లోకి వస్తుంటే, వెనక్కొస్తున్న కారు వైపు కూతురు పరుగెత్తింది. “ఓలమ్మో! ఇటు రాయే గుంటా!” అని గట్టిగా కేక పెట్టింది శిరోమణి. పిల్ల ఠక్కున ఆగింది. పక్క కారులోంచి ఒక ముసలావిడ దిగి, “మనోలేటి? ఏ ఊరమ్మా నీది?” అంది. ఇద్దరూ అక్కడే నిలబడి పలాస జీడితోటల కబుర్లలో పడ్డారు. ఇంతలో భర్త ఫోన్ చేసి ఇంకా రాలేదేమని అడిగాడు. “మా ఊరోలు కనపడ్డారు. కూసింతసేపు మాటాడుకోనీవేటి?” అనేసింది. “పెళ్లిచూపులనాడు ఇలాగే మాట్లాడావు. మెల్లగా రా,” అన్నాడతను.