చల్లపల్లి బడిలో ఒక దూడ బొమ్మ

ఉదయం ఆరు నలభైకి విజయవాడ బస్టాండులో అవనిగడ్డ బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఒళ్లో సంచి, దాని నిండా తెల్లకాగితాలు, పెన్సిళ్లు, రంగులు. కృష్ణా వరదకు ఇళ్లు కూలిన, ఏటి మధ్య లంక ఊళ్ల పిల్లలు కొందరు బంధువుల దగ్గర ఉంటూ చల్లపల్లి పక్కన ఒక బడిలో చేరారు. వాళ్లచేత బొమ్మలు వేయించి మనసు కాస్త తేలికపరచాలని అక్కడి టీచరు రూతు నన్ను పిలిచింది.

నేను రిటైరైన డ్రాయింగు టీచర్ని. ఈ పని కోసం రెండు రోజులు శిక్షణ తీసుకున్నాను. బొమ్మ దిద్దకూడదు, గుచ్చి గుచ్చి అడగకూడదు, మార్కులు వేయకూడదు అన్నారు. ముప్పై ఏళ్లు ఆ మూడూ చేసే జీతం తీసుకున్నదాన్ని.

కంకిపాడులో ఎక్కిన పూలమ్మే ఆవిడ నా పక్కన కూర్చుని సంచిలోకి తొంగి చూసింది. సంగతి చెప్పాను.

"బొమ్మలేస్తే బాధ పోద్దా అండీ?" అంది.

"నాకూ తెలీదండీ, చూడాలి."

"పోనీలెండి, అల్లరన్నా తగ్గుద్ది" అని మూరెడు కనకాంబరాలు తుంచి ఇచ్చింది.

ఉయ్యూరులో బస్సు ఆగితే ఇడ్లీ తిన్నాను. కూచిపూడి దాటి చల్లపల్లి చేరేసరికి తొమ్మిది దాటింది. అక్కడి నుంచి ఆటోలో పది నిమిషాలు.

రూతు గేటు దగ్గరే ఎదురొచ్చింది. "జ్యోతి అని ఐదో తరగతి పిల్లండీ. వచ్చి రెండు నెలలైంది, నోరు విప్పదు. ఏడవను కూడా ఏడవదు. నాకు భయంగా ఉందండీ" అంది.

కాగితాలు పంచాను. మగపిల్లలు పడవలు, హెలికాప్టర్లు వేస్తూ నానా గోల చేశారు. చివరి బెంచీలో జ్యోతి మాత్రం గంటసేపు తల ఎత్తకుండా వేసింది. పెన్సిలుతో ఒక రాట, దానికి పలుపుతాడుతో కట్టిన దూడ. చుట్టూ గోధుమరంగు నీళ్లు. దూడ తల నీళ్లలోకి వంగి ఉంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. "తల కాస్త పైకెత్తి వెయ్యమ్మా, అందంగా ఉంటుంది" అంటూ రబ్బరు తీసి ఆ తల చెరిపేశాను.

జ్యోతి నా చెయ్యి పట్టుకుంది.

"అది ఎత్తలేదండీ. తాడు కురచ. తల్లి దగ్గర పాలు తాగేస్తదని నేనే కురచగా కట్టా."

పక్కనే ఉన్న రూతు కళ్లు తుడుచుకుంది. నా మీద నాకే అసహ్యం వేసింది. "తప్పు నాదమ్మా. నువ్వు వేసిందే సరైంది" అన్నాను. జ్యోతి తల వంచుకుని, దూడ తలను మళ్లీ అక్కడే, అలాగే వేసింది.

మూడున్నరకు వాళ్లమ్మ తీసుకెళ్లడానికి వచ్చింది. అడగకుండానే జ్యోతి కాగితం చూపించింది. జ్యోతి అన్న మాట నేను మెల్లగా చెప్పాను. ఆవిడ కాగితం చేతిలోకి తీసుకుంది.

"పిల్ల బెంగ పెట్టుకుంటుందని ఇంట్లో ఆ దూడ ఊసే ఎత్తలేదండీ" అని, కూతురి వైపు తిరిగింది. "నువ్వు కట్టింది ఊడిపోతే నేను మళ్లీ కట్టానే పిచ్చిదానా. నీ ముడి ఎప్పుడు నిలిచింది గనక?"

"నువ్వా?"

"నేనే. నీళ్లొచ్చినప్పుడు విప్పడం మర్చిపోయిందీ నేనే."

నాలుగున్నరకు తిరుగు బస్సు దొరికింది. పామర్రు దాకా నిలబడే వచ్చాను. ఇలాంటి పనికి వెళ్లేవాళ్లు పొద్దున బస్సే ఎక్కండి, మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు కుదురుగా కూర్చోరు. సీటు దొరికాక కూడా నాకు ఒకటే ఆలోచన. ఆ తల్లి చెప్పింది నిజమో, కూతురి బరువు తన నెత్తిన వేసుకుందో తెలియదు. జ్యోతి మాత్రం నమ్మింది. అమ్మ నడుము వాటేసుకుని, రెండు నెలల ఏడుపంతా ఏడుస్తూ గేటు దాటింది. పిల్ల అలా ఏడుస్తుంటే చూసి సంతోషించిన టీచర్ని నేనొక్కదాన్నేనేమో.