పెడళ్ళకు మర్యాద

ఆ రోజుల్లో మా ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఏ శుభకార్యం జరిగినా వంట ఎలా ఉంది, పెళ్ళికూతురు ఎలా ఉంది అన్నవి తీరిగ్గా మాట్లాడుకునే సంగతులు. వేదిక మీదికి ఎవరి పేరు ముందు పిలిచారు, ఎవరిది వెనక పిలిచారు అన్నదే అసలు సంగతి. (ఇప్పుడు మారిందా అంటే, మారలేదు. నేనే పెళ్ళిళ్ళకు పోవడం తగ్గించాను.) అలాంటి చోట పుట్టి పెరిగినందుకు, ప్రపంచంలో ఏ గిటారు వాయించేవాడూ చేయని తప్పు ఒకటి నేను బాగా ఆలోచించి, పదిమందినీ సంప్రదించి మరీ చేశాను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మైకు మామ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాణ్ణి. మామ అంటే నాకు చుట్టమేమీ కాదు. మైకు చేతికి దొరికితే కింద పెట్టడు కనుక ఊరే ఆయనకా పేరు పెట్టింది. చాపాడు మొదలు పులివెందుల దాకా పెళ్ళిళ్ళకు మా వ్యాను తిరుగుతూనే ఉండేది. అందులో నేనూ ఉండేవాణ్ణి గానీ, ఎందుకు ఉన్నానో మామకు అంతుపట్టేది కాదు. "నీ గిటారు సౌండు కీబోర్డులోనే ఉంది గదప్పా, ఒక మీట నొక్కితే వస్తాది. నిన్నెందుకు వ్యానెక్కించుకోవాల?" అని నన్నే అడిగేవాడు. మెడలో గిటారు వేసుకుని నిలబడితే ఫొటోల్లో నిండుగా ఉంటుందన్నది నా జవాబు. దాన్ని పైకి చెప్పే ధైర్యం మాత్రం ఉండేది కాదు.

ఇంతలో మా బేసు గిటారు వాయించే భాయ్ డ్రైవరు పని మీద కువైట్ వెళ్ళిపోయాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, తీగల మీద వేళ్ళు ఎలా పెట్టాలో నాకు నేర్పినవాడు. ఆయన వెళ్ళినందుకు నాకు నిజంగానే దిగులేసింది. ఆ దిగులు వెనకాలే ఒక ఆశ కూడా వచ్చి కూర్చుంది. ఆక్టేవ్ పెడల్ అని ఒకటుంది. చిన్న ఇనుప డబ్బా, కాలితో తొక్కాలి. తొక్కితే గిటారు మీద వాయించిన స్వరమే ఒక స్థాయి కిందికి దిగి బేసులా బరువుగా వినిపిస్తుంది. రెండు పనులూ నేనొక్కణ్ణే చేస్తానని మామకు చెప్పి దాన్ని తెప్పించాను. జమ్మలమడుగులో ఒక నామకరణానికి అదొక్కటే పెట్టుకుని వాయిస్తే బాగానే పలికింది. మామ తల గీరుకుని, "సరే, పులివెందుల పెళ్ళి ఉంది. శానా పెద్దోళ్ళు వస్తాండారు. ఆడ మెప్పిస్తే ఉంటావు. లేకుంటే ఇంగ కీబోర్డుతోనే లాగించుకుంటాం, ఏమనుకోవాకు" అన్నాడు.

ఆ పెళ్ళికి వారం ముందు భాయ్ సెలవు మీద వచ్చాడు. వస్తూ వస్తూ నాకోసం రెండు పెడళ్ళు తెచ్చాడు. ఒకటి గిటారు గొంతును గరగరలాడించే డిస్టార్షన్, ఇంకొకటి వాయించినదాన్నే మళ్ళీ మళ్ళీ పలికించే డిలే. పెళ్ళివాళ్ళు తనకూ తెలుసని, తానూ పులివెందులకు వస్తానని చెప్పాడు. ఇక మూడు డబ్బాలనూ ఏ వరుసలో కలపాలన్నది పెద్ద సమస్య అయి కూర్చుంది. ఫోనులో వీడియోలు చూశాను. అందరిదీ ఒకటే మాట: ఆక్టేవ్ అన్నిటికంటే ముందుండాలి, గిటారు నుంచి వచ్చే స్వరం దానికి శుభ్రంగా అందాలి, తక్కినవి దాని వెనకే. వాళ్ళంతా దొరలు, మన మర్యాదలు వాళ్ళకేం తెలుసు? భాయ్ అంత దూరం నుంచి మోసుకొచ్చినవాటిని వెనక్కి నెట్టి నేను కొనుక్కున్నదాన్ని ముందు పెడితే, ఆయన ముందు వరుసలో కూర్చుని చూస్తే, ఏమనుకుంటాడు? మామను అడిగాను. మామ అరనిమిషం కూడా ఆలోచించలేదు. "పెద్దోళ్ళు ఇచ్చింది ముందర పెట్టాల. ఇది అడగాల్సిన మాటేనా?" అన్నాడు. అలా డిస్టార్షన్ ముందు, డిలే దాని తర్వాత, ఆక్టేవ్ చివర అని తేలింది. ఇంట్లో ఒక్కొక్కదాన్నీ విడిగా తొక్కి చూశాను, అన్నీ బాగున్నాయి. మూడూ కలిపి తొక్కే ముచ్చట పెళ్ళికోసం దాచుకున్నాను.

పులివెందులలో పగలు పదకొండు గంటలకు పందిరి కిక్కిరిసింది. ముందు వరుసలో భాయ్ కూడా ఉన్నాడు. పెళ్ళికొడుకు పెదనాన్న, పెళ్ళికూతురు మేనమామ, ఇద్దరూ నాయకులే, ఇద్దరి వెనకా తెల్లచొక్కాల గుంపులే. వేదిక మెట్లకు ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు నిలబడి, పేరు పిలిస్తే తప్ప కాలు కదపమన్నట్టు పందిరి గుడ్డ కేసి చూస్తున్నారు. ఎవరి పేరు ముందు పిలవాలో పెళ్ళివాళ్ళు మైకు పట్టిన మామకు చెప్పలేదు. (చెప్పినవాడు ఇరుక్కుంటాడు కదా.) మామ తనంతట తాను మైకు దించడం నేను మొదటిసారి చూశాను. ఆయన కాసేపు దగ్గి, ఇంకేమీ తోచక నావైపు తిరిగి, "ఏదన్నా ఘనంగా వాయించప్పా" అన్నాడు. నేను మూడు పెడళ్ళనూ తొక్కి ఆరు తీగలనూ ఒక్కసారిగా మోగించాను.

ఆక్టేవ్ పెడల్ పాపం ఒక్క స్వరం వెంటే నడవగలదు. దానికి నేను ఆరు స్వరాలు పంపాను, అవి డిస్టార్షన్‌లో గరగరలాడి, డిలేలో పడి ఒకదాని మీద ఒకటి ఎక్కి వచ్చాయి. అందరూ ఒకేసారి అరిచే పంచాయితీలో ఇరుక్కున్న పెద్దమనిషిలా అది ఎవరి మాట వినాలో తెలియక పాతాళానికి దిగింది, ఎగిరి కీచుమంది, మధ్యలో ఎక్కిళ్ళు పెట్టింది. నేను తీగల మీద నుంచి చేయి తీసేసినా ఆగలేదు. పందిరి వెనక ఉన్న జనరేటరు మనిషి తన ఇంజనే పగిలిపోతోందనుకుని పరుగెత్తి ఆపేశాడు. మైకు పోయింది, ఫ్యాన్లు పోయాయి. ఇదే అదననుకున్నాడేమో, పెళ్ళికూతురి నాయన చటుక్కున ఇద్దరు నాయకుల చేతులూ చెరోవైపు పట్టుకుని ముగ్గురూ ఒక్క వరుసలో మెట్లెక్కేలా లాక్కుపోయాడు. పేర్లే పిలవలేదు కనుక ముందూ లేదు, వెనకా లేదు. తెల్లచొక్కాలన్నీ కలిసి చప్పట్లు కొట్టాయి.

నా పని అయిపోయిందని వైర్లు పీకి చుట్టుకుంటూ ఉంటే, పెళ్ళికూతురి నాయన వచ్చి మామ భుజం తట్టాడు. "భలే ఉపాయం చేసినావప్పా. లేకుంటే ఈడ తలకాయలు పగిలిపోతాండె." మామ రెప్ప వేయకుండా, "అంతా అనుభవమప్పా" అన్నాడు. తిరుగు ప్రయాణంలో నన్ను పిలిచి డ్రైవరు పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నువ్వుండాలప్పా. ఆ మూడు డబ్బాలు మాత్రం అట్లే కలిపి పెట్టుకో. వచ్చే నెల ఖాజీపేటలో ఇట్లాంటి పెండ్లే ఉంది." ఆర్కెస్ట్రాలో నా చోటు అలా నిలబడింది. నా సంగీతంతో ఎవరికీ పని పడలేదు.

మరుసటి రోజు భాయ్ గిటారు, డబ్బాలు తీసుకుని తన ఇంటికి రమ్మన్నాడు. "ఏందిరా ఆ వరస? ఆక్టేవ్ ముందర పెట్టాలని తెలీదా నీకు?" అన్నాడు. తెలుసు భాయ్, నువ్విచ్చినవి వెనక పెడితే బాగుండదని, అని నసిగాను. ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "డబ్బాకు మర్యాద ఏందిరా? నా బేసు నీ చేతిలో యాడిదాకా పలుకుతాదో విందామని అంత దూరం వస్తి. నువ్వేమో ఎనుము అరుపు వినిపిస్తివి." అంటూనే నేల మీద కూర్చుని నేను మళ్ళీ అదే వరుసలో కలిపిన వైర్లను తన చేతులతోనే పీకి, ఆక్టేవ్‌ను ముందుకు జరిపి, తను తెచ్చిన రెండింటినీ వెనక తగిలించాడు. ఆయన నాకు నేర్పిన పాత బాణీ ఒకటి ఒక్కొక్క తీగ మీదే వాయించాను. కింది స్వరం గది నేల మీద నడిచినట్టు గంభీరంగా పలికింది. భాయ్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. "బాగుందిరా. ఇంగ నేను లేకున్నా జరుగుతాది" అన్నాడు.

ఆ మాటను మెచ్చుకోలనుకుని ఊళ్ళో కనబడినవాళ్ళందరికీ చెప్పుకుని తిరిగాను. కొద్దిరోజులకు భాయ్ మళ్ళీ కువైట్ వెళ్ళాడు. తర్వాత ఎన్నిసార్లు సెలవుకు వచ్చినా ఆర్కెస్ట్రా ఊసు ఎత్తలేదు. తన చోటు ఇంకా ఉందో లేదో చూసుకోవడానికే ఆయన పులివెందుల దాకా వచ్చాడని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇనుప డబ్బా చిన్నబుచ్చుకుంటుందేమోనని వారం రోజులు మథనపడిన ఆ ఇరవై రెండేళ్ళ మర్యాదస్తుణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు ఆ గదిలోనే, భాయ్ తల పక్కనే, ఆయన బేసు గిటారు గోడకు వేలాడుతూ ఉండింది. ఒకసారి నువ్వూ వాయించు భాయ్ అని అడగాలని మాత్రం ఆ మర్యాదస్తుడికి తోచలేదు.