కడిగిన ఇసుక, ఉబ్బిన బ్యాటరీ

ఆ రోజు ఆ బ్యాటరీ నిజంగా అంటుకునేదా? ఆరేళ్లుగా ఈ ప్రశ్న మోస్తున్నాను. దాని గురించి మాట్లాడుకోగల ఒకే ఒక్క మనిషి, మా కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో అటెండరుగా పనిచేసిన పెద్దాయన, మొన్న మంగళవారం పొద్దున్న పోయారని ఫోనొచ్చింది. వెంటనే ఏడుపు రాలేదు. ఆయనకు చెప్పాల్సిన మాట ఇక చెప్పలేనని మాత్రం తెలిసింది.

ఆయనది సముద్రం ఒడ్డు ఊరు. తల్లి చేపలమ్మేది. డ్రోన్లకు వాడే లిథియం పాలిమర్ బ్యాటరీలను పాఠం చెప్పే నాకంటే ఆయనే బాగా ఎరుగుదురు. వాటికి గట్టి డబ్బా ఉండదు, పైన రేకు సంచీ మాత్రమే. కొనడానికి నాతో మద్దిలపాలెంలోని షాపుకి వచ్చేవారు. ఒకే కెపాసిటీ రాసి ఉన్న రెండింటిని చెరో అరచేతిలో పెట్టుకుని, "ఇది తేలిగ్గుంది. తూకం ఏసి సూపించు బావా" అనేవారు. లోపల సరుకు తగ్గితే బరువూ తగ్గుతుందని ఆయన లెక్క.

"ఇదేటి, సేపల బజారా బావా?" అని నవ్వేవాడు షాపతను.

"సేపైతే కళ్లెట్టి నన్ను సూత్తాది. దీనికి అదీ నేదు గదా!"

ఛార్జింగ్ పెట్టిన గది వదిలి టీకి కూడా కదిలేవారు కాదు. వాడకుండా దాచేవాటికి సగం ఛార్జి చాలనేవారు. పాడైనవాటికి బల్ల కింద ఒక ఇసుక కుండ. బీచి ఇసుకే, కానీ ఉప్పుంటే కరెంటు పారుతుందని మంచినీళ్లతో నాలుగుసార్లు కడిగి మేడ మీద ఎండబెట్టేవారు.

"బియ్యమా బాబాయ్?" అని నేను ఏడిపిస్తే, "తినీదాన్ని ఇంత కడగనమ్మా" అనేవారు.

కుండలో చేరినవాటిని ఈ-వేస్ట్ తీసుకునే చోటికి తానే మోసుకెళ్లేవారు. చెత్తబండిలో పడేస్తే "ఆ ఊడిసీ మనిసి సెయ్యి కాలిపోతాది" అని బాధపడేవారు. మీ ఇంట్లో ఉబ్బిన ఫోన్ బ్యాటరీ ఉంటే, దయచేసి ఆ చేతిని ఒకసారి తలుచుకోండి.

మూడో సంవత్సరం అమ్మాయి ఒకతె డ్రోన్ పోటీ కోసం ఏడాదంతా కష్టపడింది. ఉన్న ఒక్క బ్యాటరీ కొద్దిగా ఉబ్బింది. మీటరు పెట్టి చూశాను. సెల్స్ అన్నీ సమానంగానే ఉన్నాయి. "ఈ ఒక్కసారికి పనికొస్తుందిలే" అన్నాను. నేను ఇంటికి వెళ్లాక ఆయన దాన్ని కారు బల్బుకి తగిలించి, పక్కనే కూర్చుని, ఛార్జంతా ఖాళీ చేసేశారు. తెల్లారి పోటీకి బయల్దేరదామని వచ్చేసరికి అది వైర్లకు టేపుతో కుండలో ఉంది.

అమ్మాయి నేల మీద కూలబడింది. నేను అరిచాను. "అడక్కుండా ముట్టుకోవడానికి మీరెవరు?"

"అడిగితే వద్దంటారు గదా మేడంగోరూ. ఆ పిల్లగుంట డ్రోన్ని ఒళ్లో ఎట్టుకుని బ్యాటరీ తగిలిత్తాది. నాను సూసినాను."

ఆ మాట పట్టించుకోకుండా ఆయన మీద రిపోర్టు రాసి సంతకం పెట్టాను. ఆయన్ని స్టోర్ రూముకి మార్చారు. రిటైరయ్యేదాకా విరిగిన బెంచీల మధ్యే. ఎదురైతే మాత్రం మునుపటిలాగే "తిన్నారా మేడంగోరూ?" అనేవారు. తిన్నానని చెప్పేదాన్ని. క్షమించమని నేను ఒక్కసారీ అనలేదు.

అడక్కుండా ఒక పిల్ల ఏడాది కష్టాన్ని నీళ్లపాలు చేశారన్న కోపం ఇప్పటికీ కొంచెం ఉంది. ఉబ్బినదాన్ని వాడొద్దని పాఠం చెప్పిందీ నేనే. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఎక్కణ్ణుంచి తేను?

నిన్న వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ల్యాబులోంచి మార్సినప్పుడు పది రోజులు సరిగ్గా తిననేదమ్మా. ఎవులు రాసినారో సెప్పనేదు. మేడంగోరికి తెలిస్తే ఇలాగ జరగనిచ్చీవోరు కాదని నానే అనీదాన్ని."

"దానికి ఆయన ఏమనేవారు?"

"ఏటీ అనీవోడు కాదు. నవ్వీవోడు."

రెండు గ్లాసుల మధ్య టీని ఇటూ అటూ పోసి, నోరు కాలకుండా చల్లార్చి నా చేతికిచ్చింది. పెద్దకర్మకి తప్పకుండా రమ్మంది. వెళ్తాను. ఆ సంతకం నాదేనని చెబితే అది ఆమె కోసమా, నా బరువు దించుకోవడానికా? చెప్పాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.