రిజిస్టర్‌లో నాన్న పేరు

కొత్తగూడెం బస్టాండు వెనుక ఇంటర్నెట్ సెంటర్‌లో ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో ప్లైవుడ్ తలుపు ఉండేది. డిగ్రీ చదివే రోజుల్లో, కాలేజీ వదిలాక అక్కడికి వెళ్ళి, తలుపు వేసుకుని, డైరీలో రాసుకున్నవి బ్లాగులో పెట్టేదాన్ని. పేరు పెట్టేదాన్ని కాదు. చదివేవాళ్ళు పదిమంది ఉంటారేమో. వాళ్ళకు నా మొహం తెలియదు కాబట్టే వాళ్ళతో మాట్లాడగలిగేదాన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు వెళ్ళేసరికి సెంటర్ నడిపే అన్న స్క్రూడ్రైవర్‌తో ఆ తలుపులు ఊడదీస్తున్నాడు.

"సర్కారు రూలు మార్చింది చెల్లె. తలుపులు ఉండొద్దంట. వచ్చినోళ్ళ పేరు, టైము రిజిస్టర్ల రాయాలె, కార్డు జిరాక్సు పెట్టుకోవాలె. నక్సలైట్లు తిరిగే అడివి పక్కనున్నం గద, మనల్ని ఇంకింత గట్టిగ జూస్తరు."

కాలేజీ కార్డు పనికిరాదన్నాడు. ఇంకో కార్డు నాకు లేదు. మర్నాడు ఇంట్లో రేషన్ కార్డు తీసి జిరాక్సు చేయించి పట్టుకెళ్ళాను. అతను దాన్ని చూసి రిజిస్టర్‌లో నాన్న పేరు రాశాడు.

"కార్డు ఎవల పేర ఉంటే గదే రాస్తున్న. అందరికీ గట్లనే."

నేను లోపల సంతోషించాను. నా పేరు ఎక్కడా పడలేదు. తలుపు లేకపోయినా, వెనుక ఎవరు నడిచినా పేజీ దాచేస్తూ, రెండు నెలలు అలాగే రాశాను.

ఓ మధ్యాహ్నం కానిస్టేబుల్ బొగ్గుగని కంపెనీ ఇచ్చిన మా క్వార్టర్‌కు వచ్చాడు. నాన్న మొదటి షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటున్నాడు.

"ఏందయ్యా, దినం తప్పి దినం సాయంత్రం పూట ఇంటర్నెట్ల కూసుంటున్నవు. ఏం జూస్తున్నవు?"

"నాకు టీవీ రిమోటే సక్కగ రాదు సార్. రెండో షిఫ్టు వారాలల్ల ఆ టైముకు నేను గనిల ఉంట."

"రిజిస్టర్ల ఉన్నవ్, గనిల ఉన్నవ్. అంటే మస్టర్ ఏసుకొని బయట తిరుగుతున్నవా? మీ మేనేజర్ను అడగాల్నా?"

నాన్న చేయి కంచంలో ఆగిపోయింది. పని చేయకుండా హాజరు వేయించుకున్నాడని తేలితే ఉద్యోగం పోతుంది.

"నేనే సార్" అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అనాల్సి వచ్చింది.

ఇద్దరినీ సెంటర్‌కు రమ్మన్నాడు. అక్కడ ఏం చేస్తావో చూపించమన్నాడు. బ్లాగు తెరిచాను. పైనున్నది ముందురోజు రాసింది. అతను కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"నాన్న ఎంత కడుక్కున్నా రెప్పల అంచున బొగ్గు మిగిలిపోతుంది. కాటుక పెట్టిన చంటిపిల్లాడిలా నిద్రపోతాడు."

వంతు కోసం బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. నాన్న గోడకున్న క్యాలెండర్‌ను చూస్తూ నిలబడ్డాడు.

"గింతేనా? దీన్ల ఏం లేదు" అని, కానిస్టేబుల్ రిజిస్టర్ తెప్పించాడు. నాన్న పేరున్న ప్రతి వరుసా కొట్టేయించి, పక్కనే నా పేరు రాయించాడు. "ఏమనుకోకు చెల్లె" అంటూనే సెంటర్ అన్న రాసుకుపోయాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. అందరూ తమకు చెప్పిన పనే చేస్తున్నారు.

నాన్న సైకిల్ ఎక్కకుండా నడిపించుకుంటూ వచ్చాడు. క్వార్టర్ల మలుపు దగ్గర అడిగాడు.

"గది ఎంతమంది సదువుతరు?"

"పదిమంది నాన్నా."

"ఎవలు?"

"తెల్వదు."

మర్నాడు షిఫ్టు దిగి వచ్చినప్పుడు నాన్న రెప్పలు ఎర్రగా ఉన్నాయి. కొబ్బరినూనె గుడ్డతో తుడిచీ తుడిచీ బొగ్గంతా తీసేశాడు. ఆ తర్వాత రోజూ అంతే. వద్దని చెబుదామనుకునేదాన్ని. ఆ గుడ్డ ఉతికి ఆరేసేదాన్ని.

ఆ పేజీనైనా తీసేద్దామని ఒకసారి బయలుదేరాను. సెంటర్ గుమ్మంలో బల్ల మీద రిజిస్టర్ తెరిచి ఉంది. దారానికి పెన్ను కట్టి ఉంది. తీసేయాలన్నా అందులో ముందు నా పేరు రాయాలి. ముందున్న ఇద్దరూ రాసి లోపలికి వెళ్ళేదాకా నిలబడ్డాను. నా వంతు వచ్చింది. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను.